దీవిలో దాహం

సెలవుల కాలం దగ్గరపడగానే పత్రికల ఆదివారపు పుటల్లో ఒక రకమైన జాబితాలు వెలువడుతుంటాయి. ఫలానా ద్వీపానికి విహారానికి వెళ్తే తప్పక రుచి చూడవలసిన పానీయాలు ఏడు, ఫలానా తీరంలో పదకొండు. పొడవాటి గాజు గ్లాసు, దాని అంచున నిమ్మచెక్క, వెనుక నీలి సముద్రం. ఈ జాబితాలంటే నాకు చిన్నచూపు లేదు. అతిథికి ఏమిచ్చి మర్యాద చేస్తారన్నది ఏ ప్రాంతాన్ని తెలుసుకోవడానికైనా తొలి మెట్టు. ఎన్నికల వార్తల కోసం ఊళ్లు తిరిగిన ఇన్నేళ్లలో, ఎవరింట ఎవరికి ఏ గ్లాసులో ఏమి ఇస్తున్నారన్న దృశ్యం ఆ ఊరి గురించి సభావేదికల మీది ప్రసంగాలకన్నా ఎక్కువే చెప్పింది. రెండు గ్లాసుల పద్ధతిని చూసిన తెలుగు సమాజానికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

కోల్‌కతాకు వచ్చే తెలుగు మిత్రులు నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇక్కడ ప్రత్యేకంగా తాగవలసినవి ఏమిటి? రెండు రోజులు గడపడానికి దగ్గరలో దీవి ఏదైనా ఉందా? రెండింటికీ జవాబులున్నాయి. ఈ నగరం కర్కటరేఖకు కొద్దిగా దిగువన ఉంది. ఇక్కడి నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్లు దాటితే, హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట, సాగర్, మౌసుని వంటి దీవులు వస్తాయి. వాటికి తూర్పున పరుచుకున్న సుందర్‌బన్ అంతా దీవుల సముదాయమే. అక్కడ లేత కొబ్బరి నీళ్లున్నాయి. శీతాకాలపు తెల్లవారుజామున చెట్టు నుంచి దింపిన ఖేజూర్ రసం ఉంది. ఈ జాబితా చెప్పేటప్పుడల్లా చివర మరొక పానీయాన్ని చేర్చడం నాకు అలవాటైంది. బెంగాలీలు దాన్ని ‘మిష్టి జొల్’ అంటారు. తీపి నీరు అని అర్థం. అందులో చక్కెర ఏమీ ఉండదు. ఉప్పు లేని మామూలు నీరే అది. ఉప్పునీరు ‘నోనా జొల్’. ఆ తీపి నీటినే మనం మంచినీళ్లు అంటాము. బెంగాలీ నాలుకతో విలువ కట్టిన చోట తెలుగు మంచిచెడులతో విలువ కట్టింది. దీవి మీద నివసించే మనిషికి ఆ రెండు కొలమానాలూ ఒకటేనని నాకు అక్కడికి వెళ్లాకనే బోధపడింది.

ముందు నగరం సంగతి. కోల్‌కతాలో పానీయం ఏనాడూ రాజకీయాలకు దూరంగా లేదు. కాలేజ్ స్క్వేర్ చెరువుకు సమీపంలో ‘పారమౌంట్’ అనే షర్బత్ దుకాణం 1918 నుంచి నడుస్తోంది. అక్కడ ప్రసిద్ధమైనది డాబ్ షర్బత్. డాబ్ అంటే బోండాం. చల్లటి బోండాం నీళ్లు, కాస్త తీపి పాకం, గ్లాసు అడుగున మీగడలాంటి లేత కొబ్బరి. దీని తయారీ విధానాన్ని చెప్పినవారు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే అని దుకాణం వారు గర్వంగా చెప్పుకుంటారు. బెంగాల్ కెమికల్స్‌ను స్థాపించిన రసాయన శాస్త్రవేత్త ఆయన. చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులకు తక్కువ ఖర్చులో దాహమూ ఆకలీ రెండూ తీరాలన్నది ఆయన ఉద్దేశమట. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఈ దుకాణం వెనుక భాగం విప్లవకారులకు కలుసుకునే చోటుగా ఉపయోగపడిందన్న కథనం కూడా ప్రచారంలో ఉంది.

అదే ప్రఫుల్ల చంద్ర రే తేనీటిని విషంతో పోల్చి విమర్శించాడంటే ఈనాటి కోల్‌కతా వాసులు నవ్వుతారు. ఆ వ్యతిరేకతకు వెనుక ఆర్థిక తర్కం ఉంది. 1861లో కలకత్తాలో తేయాకు వేలం మొదలైంది. తోటలు తెల్లవారివి, కూలీలు మనవారు, తాగేవారు విదేశీయులు. విదేశీ విపణి ఒడిదుడుకులకు లోనయ్యాక, మన చేత కూడా తాగించడం అవసరమైంది. 1903 నుంచి తేయాకు మీద ప్రత్యేక సుంకం వసూలు చేసి, ఆ సొమ్ముతో ప్రచారం సాగించారు. రైల్వే స్టేషన్లలో, సంతలలో ఉచితంగా కప్పులు పంచారు. ఈరోజు మట్టి భాండంలో లేబూ చా తాగుతూ ప్రభుత్వాలను కూల్చి నిలబెట్టే బెంగాలీ, ఒకనాటి ఆ వ్యాపార ప్రచారానికి వారసుడే.

కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ కథ మరొకటి. 1876లో ఏర్పడిన ఆల్బర్ట్ హాల్‌లో 1942లో కాఫీ బోర్డు కాఫీ హౌస్ తెరిచింది. 1950ల చివర బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయడం మొదలుపెట్టినప్పుడు దేశమంతటా కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే చేపట్టారు. ఈ ఉద్యమానికి అండగా నిలిచినవాడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్. కాలేజ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ మీకు పాలు లేని ‘ఇన్ఫ్యూజన్’ తెచ్చిపెట్టేది కార్మికుల సహకార సంఘమే. ఈ విధంగా నగరం తన ప్రతి గుక్కకూ ఒక చరిత్ర రాసుకుంది. దాన్ని పుస్తకాలలో భద్రపరిచింది, వచ్చినవారికి చెప్పుకుంటుంది. నగరానికి డాబ్ పంపే దక్షిణ దీవులకు అటువంటి అవకాశం రాలేదు.

ఒక జనవరి చివర మౌసుని వెళ్లాను. సియాల్దా నుంచి నామ్‌ఖానా వరకు లోకల్ రైలు, అక్కడి నుంచి టోటో, ఆపైన చినాయి నది మీద పడవ. దీవికి తూర్పున చినాయి, పడమట మురిగంగ, దక్షిణాన బంగాళాఖాతం. ఇరవై వేలమందికి పైగా ఉండే ఈ దీవికి నైరుతి అంచున బాలియారా ఉంది. సముద్రం ఆ అంచును ఏళ్ల తరబడి కొరుక్కుతింటోంది. కోల్‌కతా యువతకు వారాంతపు విహారంగా మారిన గుడారాల విడుదులు కూడా ఆ అంచునే వెలిశాయి. దీవి వాసులు వదిలి వెనక్కు జరుగుతున్న నేల మీద విహారులు గుడారం వేసుకుంటున్నారు. ఇందులో విహారుల తప్పేమీ లేదు. పంట పండని నేలకు పర్యాటకమైనా దక్కడం దీవికి మేలే.

విడిదికి చేరగానే చేతిలో డాబ్ పెట్టారు. కత్తితో తల చెక్కిన పచ్చటి కాయ, అందులో ఒక గొట్టం. ఎండలో అంత దూరం వచ్చినవారికి అది అమృతమే. తీపి కింద సన్నగా ఉప్పదనం తగిలింది. కొబ్బరికి ఉప్పును ఓర్చుకునే శక్తి ఉంది. చవుడు తేలిన నేలలో వరి చచ్చిపోతుంది, కూర మొక్క ఎండిపోతుంది, కొబ్బరి మాత్రం నిలబడి ఏ మనిషీ వడగట్టలేని నీటిని తన కాయలోకి వడగట్టుకుంటుంది. విడిదిలో తాగడానికి సీలు వేసిన సీసాలు, వంటకు ఇరవై లీటర్ల డబ్బాలు ఉన్నాయి. అవి కూడా మాలాగే పడవ మీద వచ్చినవే.

మర్నాటి ఉదయం ఊరి లోపలికి నడిచాను. బాట పక్కన గొట్టపు బావి, దాని చుట్టూ బిందెల వరుస. మన బిందెను వారు కొల్షి అంటారు. మన కలశమే అది. వరుసలో ఉన్న పెద్దావిడను మాషీ అని పలకరించాను. పిన్నీ అన్నట్టు. ఆమె నా యాస విని “మీ దేశం ఎక్కడ?” అని అడిగింది. బెంగాలీలో దేశం అంటే ఇప్పటికీ సొంత ఊరే. హైదరాబాద్ అని చెప్పాను. “అక్కడ కొబ్బరి చెట్లుంటాయా?” అంది. ఇంకా దిగువకు, సముద్రం వైపు ఉంటాయన్నాను. “నీళ్లు మిష్టియేనా?” అన్నది ఆమె తర్వాతి ప్రశ్న. కొన్నిచోట్ల అన్నాను. ఆమె తల ఊపింది. ఎవరి దేశాన్నైనా ఆమె ఈ ఒక్క ప్రశ్నతోనే కొలుస్తుందని నాకు అనిపించింది.

రోజుకు మూడు విడతలు ఈ బావికి వస్తానని చెప్పింది. “తుపాను వచ్చిన ఏడు ఇంటి చెరువులో చేపలన్నీ తేలిపోయాయి. నీళ్లు తోడిపోశాం, సున్నం చల్లాం. మూడు వానాకాలాలు కురిస్తే గాని ఆ నీళ్లు నోట పెట్టుకునేలా కాలేదు” అంది. ఇన్ని కొబ్బరి చెట్లున్నాయి కదా, డాబ్ తాగరా అని అడిగాను. “డాబ్ మీవంటి అతిథులకు. మిగిలినవి అమ్మకానికి. దాహం వేసినప్పుడల్లా డాబ్ కొట్టుకుంటే ఇల్లెలా గడుస్తుంది బాబా?” అంది. ఆ మాటలో నిష్ఠురం లేదు. ఇంటి లెక్క తెలిసిన మనిషి చెప్పిన లెక్క అది.

ఆ దీవులలో ఉప్పును ఓర్చుకునే రెండో చెట్టు ఖేజూర్. నగరం నుంచి వచ్చిన మిత్రులు దాన్ని ఖర్జూరం అనుకుంటారు. అది మన ఈత చెట్టు. అదే జాతి, అదే ముళ్ల మట్ట, అదే చిన్న పండు. తెలంగాణలో గౌడ కులస్తులు గీసి కల్లు దించే ఈత చెట్టు నుంచే బెంగాల్‌లో శియులీలు శీతాకాలపు రసం దింపుతారు. సాయంత్రం చెట్టుకు గాటు పెట్టి కుండ కడతారు, తెల్లవారకముందే దింపుతారు. చలి ఉన్నంతసేపే అది తియ్యగా ఉంటుంది. ఎండ తగిలితే పులిసి తాడి అవుతుంది. పులిసేదాకా ఆగితే మన కల్లు, ఆగకుండా కాచితే వారి నొలేన్ గుడ్. కోల్‌కతా మిఠాయి దుకాణాలలో శీతాకాలమంతా రాజ్యమేలే సందేశ్‌కూ, 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన జయనగర్ మోవాకూ మూలం ఆ బెల్లమే. మన వైపు ఈ చెట్టు చుట్టూ ఆబ్కారీ శాఖ, గీత సహకార సంఘాలు, కులసంఘాల రాజకీయం అల్లుకున్నాయి. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచేదాకా ఆ రాజకీయం వచ్చింది. శియులీకి అటువంటి ఓటు బలం లేదు.

గాటు పెట్టిన చెట్టుకు కొన్ని రోజులు విశ్రాంతి ఇస్తారు. దాన్ని జిరేన్ అంటారు. ఆ విరామం తర్వాత మొదటి గాటుకు వచ్చే రసమే శ్రేష్ఠం. చెట్టుకు అమలవుతున్న ఈ విశ్రాంతి నియమం చెట్టెక్కే మనిషికి లేదు. పొరుగున బంగ్లాదేశ్‌లో పచ్చి రసం ద్వారా గబ్బిలాల నుంచి నిపా వైరస్ సోకిన ఉదంతాలున్నాయి గనుక కాచిన రసం గాని, బెల్లం గాని తీసుకొమ్మని మిత్రులకు చెబుతుంటాను. ఏది తీసుకున్నా బేరమాడవద్దని కూడా చెబుతుంటాను.

ఈ రెండు చెట్లు చేస్తున్న పని ప్రభుత్వాలు చేయలేకపోవడానికి కారణం ఆ నేల స్వభావంలో కొంత ఉంది. భారత సుందర్‌బన్‌లోని 102 దీవులలో 54 జనావాసాలు. చాలాచోట్ల పోటు నీటి మట్టం కన్నా ఊళ్లే పల్లంలో ఉంటాయి. దాదాపు 3,500 కిలోమీటర్ల పొడవైన మట్టి కట్టలు ఉప్పునీటిని ఆపుతున్నాయి. పై పొరలలోని భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. తాగదగిన నీటి కోసం సుమారు వెయ్యి అడుగుల లోతుకు గొట్టం దించాలి. అటువంటి బావి ఒకటి పాడైతే బాగుచేయడం ఏ ఒక్క కుటుంబానికీ సాధ్యం కాదు. తెలుగు నేలలో చేదబావి, చెరువు కొంతమేరకు ఊరి చేతిలో ఉంటాయి. ఇక్కడ తాగునీరు పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది. కట్ట, గొట్టపు బావి, పడవ మూడూ ప్రభుత్వానివే. అందుకే దీవిలో దాహం వ్యక్తిగత విషయంగా మిగలదు.

2009 మే 25న ఐలా తుపాను వందల కిలోమీటర్ల కట్టలను తెంపింది. 2020 మే 20న ఆంఫాన్, 2021 మే 26న యాస్ వచ్చాయి. యాస్‌లో ఘొరామారా దీవి మొత్తం మునిగింది. ప్రతిసారీ జరిగేది ఒకటే. నీరు నిండుతుంది, నిండిన నీరు తాగడానికి పనికిరాదు. చెరువులు, వరి పొలాలు ఏళ్ల తరబడి చవుడు తేరతాయి. ఐలా తర్వాత కట్టల పునర్నిర్మాణానికి 5,032 కోట్ల రూపాయల పథకం మంజూరైంది. భూసేకరణ చిక్కులలో, కేంద్ర రాష్ట్రాల పరస్పర నిందలలో అందులో అధికభాగం ఖర్చే కాలేదు. ఆ కాలంలో వామపక్షాలు దిగిపోయి తృణమూల్ వచ్చింది. కేంద్రంలో కాంగ్రెస్ దిగిపోయి భాజపా వచ్చింది. కట్ట మాత్రం మట్టి కట్టగానే ఉండిపోయింది.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ కాదు. మనకూ ఒక దీవి ఉంది. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలాది ప్రాణాలతో పాటు చెరువులూ పోయాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మరింత దగ్గరి పోలిక. కొబ్బరి తోటలకు పేరుపడ్డ ఆ సీమలో మూత్రపిండాల వ్యాధి తరాలను కబళిస్తోంది. దానికి అసలు కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. జనం అనుమానం మాత్రం నీటి మీదే. దశాబ్దాల పోరాటాల తర్వాత 2023 డిసెంబర్‌లో నది నీటిని గొట్టాల ద్వారా ఇచ్చే పథకం అక్కడ ప్రారంభమైంది. అంతకు ముందే 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చింది. బోండాం నీళ్లు ఊరూరా ఎగుమతి చేసిన ప్రాంతం మంచినీళ్ల కోసం ఉద్యమించవలసి వచ్చింది. మౌసుని మాషీ అడిగిన ప్రశ్నకు ‘కొన్నిచోట్ల’ అని నేనిచ్చిన జవాబులో ఉద్దానం ఉంది.

ప్రకృతి చేసే నష్టం ఒక ఎత్తు. దీవి వాసుల దాహాన్ని రాజ్యం ఆయుధంగా వాడుకోవడం మరొక ఎత్తు. బెంగాల్ డెల్టా రెండుసార్లు ఆ అనుభవాన్ని చూసింది.

మొదటిది 1942. జపాన్ సేనలు వస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం తీర జిల్లాలలో పదిమందికి మించి మోయగల పడవలను స్వాధీనం చేసుకుంది, ధ్వంసం చేసింది. డెల్టాలో పడవ లేకపోతే చేప లేదు, సంత లేదు, పొలానికి దారి లేదు. ఆ ఏడాదే అక్టోబర్ 16న పెనుతుపాను తీరాన్ని ఊడ్చింది. 1943 కరవు సుమారు 30 లక్షల ప్రాణాలు తీసిందని అంచనా. పల్లెల నుంచి కలకత్తా వీధులకు చేరిన జనం అన్నం అడగలేదు. అన్నం అడిగే హక్కు తమకు లేదనుకున్నారు. ‘ఫ్యాన్ దావ్’ అని అడిగారు. ఫ్యాన్ అంటే గంజి. నగర గృహిణి వార్చి పారబోసే నీరు. కలకత్తా చరిత్రలో దీనికన్నా బరువైన పానీయం మరొకటి లేదు. ఏ విహార జాబితాలోనూ దానికి చోటు దొరకదు.

రెండోది స్వతంత్ర భారతంలో, ప్రజల ఓట్లతో వచ్చిన ప్రభుత్వం హయాంలో జరిగింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులలో అధికులు దళితులైన నమశూద్రులు. వారిని దండకారణ్యానికి, అంటే మన సరిహద్దుకు ఆవలి మల్కన్‌గిరి, బస్తర్ ప్రాంతాలకు తరలించారు. మన కాగజ్‌నగర్ దగ్గరి ఈజ్‌గాం శిబిరాలలో స్థిరపడ్డ బెంగాలీలు కూడా ఆ విభజన గాయానికి చెందినవారే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వామపక్ష నాయకులు శరణార్థులకు బెంగాల్‌లోనే చోటివ్వాలని వాదించారు. 1977లో వారే అధికారంలోకి వచ్చారు. ఆ మాట నమ్మి 1978లో వేలాది కుటుంబాలు దండకారణ్యం విడిచి వచ్చి సుందర్‌బన్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో దిగాయి. ప్రభుత్వ సాయం లేకుండానే గొట్టపు బావులు వేసుకున్నారు, బడి పెట్టుకున్నారు, వైద్యశాల పెట్టుకున్నారు, చేపల వేట మొదలుపెట్టారు.

అది రక్షిత అటవీ భూమి అని ప్రభుత్వం ప్రకటించింది. 1979 జనవరి చివర పోలీసు లాంచీలు దీవిని చుట్టుముట్టాయి. ఆహారం, మందులు, తాగునీరు లోపలికి వెళ్లకుండా పడవలను ఆపాయి. ఎదుటి ఒడ్డున ఉన్న కుమిర్‌మారి నుంచి నీరు, తిండి తెచ్చుకోవడానికి బయలుదేరిన పడవలను ముంచాయని బతికి బయటపడ్డవారు చెప్పారు. తాగునీరు, ఆహారం, మందులు అడ్డుకోరాదని కలకత్తా హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మే నెలలో బలవంతంగా దీవిని ఖాళీ చేయించారు. పాత్రికేయులను లోపలికి రానివ్వలేదు. మరణించినవారి సంఖ్య విషయంలో ప్రభుత్వ లెక్కకూ బాధితుల లెక్కకూ పొంతనే లేదు. నా వృత్తికి సంబంధించినంతవరకు ఆ లెక్క తేలకపోవడానికి ఆనాటి నిషేధమే ప్రధాన కారణం.

వామపక్ష ప్రభుత్వం చేసిన భూసంస్కరణలను, బర్గాదార్ల నమోదును గౌరవించేవారిలో నేనూ ఒకడిని. ఆ గౌరవం మరిచ్‌ఝాపిని మరిపించలేదు. ఆ ఉదంతాన్ని ఎత్తుకుని ఇప్పుడు వామపక్షాలను నిలదీసే పార్టీలకు కూడా ఒక ప్రశ్న వేయవలసి ఉంది. నలభై ఏళ్ల కిందట నీరు ఆపిన ప్రభుత్వాన్ని విమర్శించడం సులువు. నీరు ఇవ్వలేకపోతున్న ప్రభుత్వాలు నేటికీ ఉన్నాయి. లాంచీలు అడ్డుపెట్టి దాహాన్ని సృష్టించడం నేరం. నిధులుండి, పథకం ఉండి, కట్ట వేయకుండా, గొట్టం దించకుండా దాహాన్ని కొనసాగనివ్వడం ఏమిటి? దానికి మన రాజకీయ పరిభాషలో పేరు లేదు. పేరు లేని నేరానికి విచారణ కూడా ఉండదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గ్రామీణ కుటుంబం ప్రతిదానికీ కుళాయి ద్వారా తలకు రోజుకు 55 లీటర్లు ఇస్తామంది. 2024 గడువు ఇప్పుడు 2028కి జరిగింది. బెంగాల్‌లో ఈ పథకం పేరెవరిది, సొమ్మెవరిది, ఆలస్యమెవరిది అన్న తగవు కేంద్ర రాష్ట్రాల మధ్య నడుస్తూనే ఉంది. ఢిల్లీలో ఈ తగవును వార్తగా రాసేవారికి కుళాయిల సంఖ్య కనిపిస్తుంది. దీవిలో అసలు ప్రశ్న కుళాయి గురించి కాదు. కుళాయికి వెనుక ఏ లోతు నుంచి ఏ నీరు వస్తోంది, తుపాను వెళ్లిన మర్నాడు కూడా వస్తుందా అన్నది. లెక్కలలో కుళాయి బిగిస్తే పని పూర్తయినట్టు. మాషీ లెక్కలో బిందె నిండితే పూర్తయినట్టు. ఈ రెండు లెక్కలకు మధ్య ఉన్న దూరాన్ని కొలిచే గణాంకం ఏ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ లేదు.

జవాబు అసాధ్యమేమీ కాదు. ఇళ్ల కప్పుల మీద కురిసే వాన నీటిని ఒడిసిపట్టే తొట్లు, ఉప్పెన మట్టానికి ఎత్తుగా కట్టిన అరుగుల మీద గొట్టపు బావులు, చెరువులకు బలమైన గట్లు, తుపాను ముందే నిల్వ చేసిన మంచినీరు: ఇవన్నీ తెలిసిన విద్యలే. ఏటా వానాకాలం కుండపోతగా కురిసే ప్రాంతం అది. ఆకాశం ఇచ్చే మిష్టి జొల్‌ను నిలబెట్టుకోవడానికి అణుశాస్త్రం అక్కరలేదు. తొట్టి నిర్మాణానికి శంకుస్థాపన శిలాఫలకం మీద చోటు తక్కువ గనుక, వంతెనలకూ జెట్టీలకూ ఉన్న ఆకర్షణ దానికి లేదు. గంగాసాగర్ సంక్రాంతి మేళాకు లక్షలాది యాత్రికులు వచ్చినప్పుడు ప్రభుత్వం దీవికి తాగునీరు సమకూర్చగలుగుతోంది. అతిథులకు సాధ్యమైనది ఊరివారికి ఎందుకు సాధ్యం కాదు? మేళా కొన్ని రోజులది, దానికి కెమెరాలుంటాయి. మిగిలిన రోజులలో దీవి ఎవరి కెమెరాలోనూ ఉండదు.

అందుచేత మిత్రులకు నేనిచ్చే సలహా ఇది. తప్పక వెళ్లండి. కాలేజ్ స్క్వేర్‌లో డాబ్ షర్బత్ తాగండి, మట్టి భాండంలో లేబూ చా తాగండి. వేసవిలో వస్తే కాల్చిన పచ్చిమామిడితో చేసే ఆమ్ పోడా షర్బత్, గొంధొరాజ్ నిమ్మ పిండిన మజ్జిగ వదలకండి. దీవిలో డాబ్‌కు వారు చెప్పిన ధర ఇవ్వండి. మీ నీటి సీసా మీరే తీసుకువెళ్లి, ఖాళీ సీసాను తిరిగి తెచ్చుకోండి. వీలైతే ఒక ఉదయం ఊరి గొట్టపు బావి దాకా నడిచి, ఆ వరుస ఎంత పొడవుందో చూడండి.

రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారికి మరొక మాట. ఎన్నికల ప్రచారానికి ఈ దీవులకు పెద్ద నాయకులు పడవల మీద, కొందరు హెలికాప్టర్ల మీద వస్తారు. వేదిక మీద వారి ముందు సీలు వేసిన నీటి సీసా ఉంటుంది, పక్కనే మర్యాదగా చెక్కిన డాబ్ ఉంటుంది. పౌరసత్వం గురించి, చొరబాట్ల గురించి, సంస్కృతి గురించి గంటసేపు మాట్లాడతారు. వారు ఏ పార్టీవారైనా సరే, ఆ ఊరి బావి నీటిని ఒక గ్లాసుడు వారికి ఇచ్చి, వారు అది తాగేవరకు ఆగి, ఆ తర్వాతే మైకు అందించే ఆచారం ఒకటి ఉంటే బాగుండును. పానీయాల జాబితాలు వ్రాసేవారు కూడా ఆ గ్లాసును మొదటి వరుసలో చేర్చవచ్చు.